ఒంటి చక్రం మీద అక్క

పోయిన ఆదివారం పొద్దున్న ఎవరిదో జాకెట్టు చేతులు అతుకుతూ కూర్చున్నాను. ఫోను మోగింది. కడప జిల్లా నుంచి అక్క కూతురు. "చిన్నమ్మా, మాయమ్మ పోయింది" అంది. నాలుగు రోజుల జ్వరమట. ఆస్పత్రిలో చేర్చిన రెండో రోజే అయిపోయిందట. చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని ఉండిపోయాను.

ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత ఆ పిల్ల ముక్కు చీదుకుని, మొహమాటపడుతూ అడిగింది. "చిన్నమ్మా, ఒగ మాట అడుగుతా, నిజం చెప్పాల. మస్కట్‌లో ఉన్నప్పుడు పెండ్లిలో సైకిలు ఒంటి చక్రం మింద తొక్కినానని మాయమ్మ చెప్తా ఉండె. మేమెవురూ నమ్మలే. నగుతా ఉంటిమి. అది నిజమేనా?"

నిజమే తల్లీ. నేను కళ్ళారా చూశాను. ఆవేళ ఆ సైకిలు మీద కాసేపు నేనూ ఉన్నాను. ఫోనులో గంటసేపు చెప్పినా తరగలేదు. అందుకే ఇలా మీ అందరికీ రాస్తున్నాను. చావు కబురుతో మొదలుపెట్టాను గానీ, ఏడుపుగొట్టుగా రాయడం మాత్రం నా వల్ల కావడం లేదు. అక్క గుర్తొస్తే ఈ నలభై అయిదేళ్ళ వయసులో కూడా నాకు కాళ్ళు ఊరుకోవు.

రెండు వేల ఏడులో నేను మస్కట్‌లోని అల్ ఖౌద్‌లో ఒక ఇంట్లో పనికి చేరాను. మాది కోనసీమలో లంక గ్రామం. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. నాలుగేళ్ళ కూతుర్ని మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాను. ఎనిమిది నెలలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పని చేయడం, తినడం, గోడవైపు తిరిగి పడుకోవడం. అంతే నా బతుకు.

పక్కింట్లో పనిచేసేది అక్క. తోడబుట్టింది కాదు గానీ, నాకంటే పదేళ్ళు పెద్దని అక్కా అనేదాన్ని. రెండిళ్ళ మగవాళ్ళూ అన్నదమ్ములు. వాళ్ళ తల్లి, అందరూ హబూబా అని పిలిచే ముసలమ్మ, అక్క వాళ్ళింట్లో ఉండేది. అక్కడ నానమ్మను అలాగే పిలుస్తారు. రెండిళ్ళకీ మధ్య ఒకే గోడ. రెండువైపులా పెద్ద సిమెంటు వాకిళ్ళు. వాటిని వాళ్ళు హోష్ అంటారు.

ఒక శుక్రవారం భోజనాలయ్యాక రెండు కుటుంబాలూ ఖర్జూరం తోటకి వెళ్ళాయి. నేను బట్టలు ఆరేయడానికి మేడ మీదకి ఎక్కాను. పక్క వాకిట్లోంచి ఏదో శబ్దం. తొంగి చూశాను.

అక్క సైకిలు మీద ఉంది. వాళ్ళ మేడమ్ పెద్దకూతురు పొడుగైపోయి వదిలేసిన ఎర్ర సైకిలు. నైటీ అంచు పైకి దోపి, లోపల ఎవరిదో పాత ట్రాక్ ప్యాంటు వేసుకుంది. తలకి స్కార్ఫు బిగించి కట్టింది. గోడ వారన నెమ్మదిగా ఒక చుట్టు వచ్చింది. రెండో చుట్టులో ఉన్నట్టుండి నడుము వెనక్కి వంచి పెడలు మీద ఒక్క తొక్కు తొక్కింది. ముందు చక్రం గాల్లోకి లేచింది. లేచి దిగలేదు! ఆ చివరి నుంచి ఈ చివరిదాకా అలాగే, వెనక చక్రం మీదే, బిందె నెత్తిన పెట్టుకున్న మనిషంత తాపీగా వచ్చేసింది. వరండాలో కుర్చీలో కూర్చున్న హబూబా చేతికర్రను నేలకేసి టకటకా కొడుతూ నవ్వుతోంది.

నా చేతిలోంచి తడి దుప్పటి జారి వాళ్ళ వాకిట్లో పడింది. అక్క తలెత్తి చూసింది.

"ఏంది మే, దయ్యాన్ని చూసినట్టు చూస్తాండావు? కిందికి రా. దుప్పటి కూడా తీస్కపోదువు."

ఎనిమిది నెలల్లో నేను మొదటిసారి పరిగెత్తింది ఆరోజే.

ఇప్పటి కుర్రాళ్ళు దాన్ని వీలీ అంటున్నారు. అక్క "గుర్రం లేపేది" అనేది. అది వాళ్ళ నాన్న మాట. ఆయన ఊరూరా తిరిగే సైకిల్ ఆటగాడు. మీలో నడివయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఊరి మధ్య ఖాళీ జాగాలో గుండ్రంగా తాళ్ళు కట్టి, మైకు పెట్టి, ఏడు రోజులు సైకిలు దిగకుండా తొక్కేవాళ్ళు. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం అన్నీ సైకిలు మీదే. అక్క అయిదో ఏట నుంచీ ఆయన భుజాల మీద నిలబడి చేతులు చాచేది. తొమ్మిదేళ్ళకి సొంతంగా గుర్రం లేపింది. పన్నెండేళ్ళకి పెద్దమనిషైంది.

"ఆ పొద్దే దించినారు మే సైకిలు మింద నుంచి" అని చెప్పింది అక్క. "మాయవ్వ ఒప్పుకోలే. మా నాయన సైకిలు తీస్కపోయి గోడకానిచ్చినాడు. ఇరవై అయిదేండ్లు ముట్టుకోలే నేను. పెండ్లయ్య, పిల్లోల్లు పుట్టిరి, ఇంగ యాడ తొక్కేది? ఈడికొచ్చినాక ఒగనాడు ఈ పాప సైకిలుకు దుమ్ము తుడుస్తా తుడుస్తా ఎక్కి కూకున్నా. ఒళ్ళు మర్సిపోలే!"

ఆ చివరి మాట చెప్పేటప్పుడు అక్క మొహం చూడాలి మీరు.

నేను సైకిలు తొక్కడమే ఎరగను. మా ఇంట్లో సైకిలు నాన్నది. ఆడపిల్లలం తాకితే ఊరుకునేవాడు కాదు. "నాకెందుకులే అక్కా, ఇంత వయసొచ్చాక" అన్నాను. అక్క కసిరింది. "ఇరవై ఏడుకే ముసల్దానివైతివా? ఆ ముసలామెకు ఎనభై. మోకాళ్ళు బాగుంటే నీకంటే ముందు ఎక్కుతాది. ఎక్కు!"

అలా మొదలైంది. హబూబాకి ఇద్దరు తోడుంటే మంచిదని మా మేడమ్‌కి అక్కే నచ్చజెప్పింది. ప్రతి శుక్రవారం వాళ్ళ కార్లు మలుపు తిరగ్గానే నేను పక్కింటికి పరుగు. మొదటి మూడు వారాలూ అక్క సీటు పట్టుకుని వెనకాలే పరిగెత్తింది. నేను హ్యాండిల్‌ను కొంపలు మునిగినట్టు పట్టుకునేదాన్ని. "గొంతు పిసకొద్దు మే దాన్ని! దాని దోవన అది పోతాది, నువ్వు కూకో చాలు" అని అరిచేది. నాలుగో వారం హోష్ అంతా ఒక చుట్టు తిరిగొచ్చి, "అక్కా, గట్టిగా పట్టుకున్నావా?" అని వెనక్కి తిరిగి చూద్దును కదా, అక్క ఎక్కడో వరండా మెట్ల మీద కూర్చుని హబూబాకి నారింజకాయ ఒలుస్తోంది! నేను కెవ్వున అరిచి పూలకుండీని గుద్దేశాను. ఆవేళ సాయంత్రం గిన్నెలు తోముతూ పాట పాడుకున్నానట. మా మేడమ్ వంటింట్లోకి వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగింది.

తొక్కడం వచ్చాక అక్క ఊరుకుంటుందా? చేతులు వదిలి తొక్కించింది. తొక్కుతూ తొక్కుతూ వంగి నేల మీది చేతిరుమాలు తీయించింది. తను తొక్కుతుంటే వెనక క్యారియర్ మీద నన్ను నిలబెట్టింది. మొదట ఆవిడ భుజాలు పట్టుకుని, తర్వాత ఒక చెయ్యి వదిలి, ఆ తర్వాత రెండూ. గాలి చెవుల్లో రయ్యిమంటుంటే పైట జారుతోందో లేదో కూడా తెలిసేది కాదు. హబూబా పళ్ళు లేని నోటితో "యల్లా! యల్లా!" అని కేకలు, ఇంకా పోనీ అని.

గుర్రం లేపడం మాత్రం ఓ పట్టాన రాలేదు. నేను చేతుల్తో హ్యాండిల్ గుంజేదాన్ని. "చేతుల్తో లేవదు. నడుమును ఎనక్కి వెయ్యి, కాలితో తొక్కు. ఎనక బ్రేకు మింద ఒగ వేలు పెట్టుకో. మరీ ఎనక్కి పడతాండావనిపిస్తే ఆ వేలు నొక్కు, సక్రం దిగొస్తాది." ఎన్నిసార్లు చెప్పిందో. నా భయం చూసి ఒకసారి అంది. "భయం ఉండాల మే. ఆ బ్రేకు మింద ఏలికి ఉంటే సాలు. ఒళ్ళంతా యాల?"

ఆ మాట నేను ఆ తర్వాత చాలాచోట్ల వాడుకున్నాను. కొత్తగా మిషను కొని కొట్టు పెట్టినప్పుడు, పిల్లని కాకినాడ కాలేజీలో ఒంటరిగా చేర్పించినప్పుడు కూడా.

నాలుగో నెలలో ఒకనాడు చక్రం లేచింది. మూడే మూడు తొక్కులు. నా కళ్ళ ముందు హ్యాండిల్, దాని పైన ఆకాశం! దిగాక చూస్తే అక్క నాకంటే ఎక్కువ గంతులేస్తోంది. నన్ను కౌగిలించుకుని గిరగిరా తిప్పేసింది.

ఆ పొగరే పడేసింది నన్ను. మరుసటి వారం అయిదు తొక్కులు చేద్దామని ఎగబడి, ఆ వేలు నొక్కడం మర్చిపోయాను. వెల్లకిలా పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది.

వాళ్ళు తోట నుంచి వచ్చి కారులో ఆస్పత్రికి తీసుకెళుతుంటే స్నానాలగదిలో జారానని మా మేడమ్‌తో చెప్పాను. చెయ్యి నొప్పి కంటే ఇంటికి పంపేస్తారన్న భయం ఎక్కువైంది. విరిగిన చేత్తో ఉన్న పనిమనిషిని ఎవరు ఉంచుకుంటారు? కట్టుతో తిరిగొచ్చిన మర్నాడు సాయంత్రం అక్కని గోడ దగ్గర కలిసి, "నువ్వేం మాట్లాడకు, నేను సర్దేశాను" అన్నాను.

అక్క తల అడ్డంగా ఊపింది. "నీ మేడమ్ పొద్దున్నించి ఆ స్నానాలగదిలో సబ్బునీళ్ళు ఎవురు పోసినారని అందర్నీ అడుగుతాండాది. పాపం కాదా? పడింది నువ్వు, నేర్పింది నేను. నేను చెప్తా."

"పంపేస్తారక్కా!"

"పంపితే పోతా. దొంగతనంగా తొక్కింది సాలు."

నేను ఆపేలోగా వెళ్ళిపోయింది. ఇద్దరు మేడమ్‌లనీ కూర్చోబెట్టి, వచ్చిన అరబ్బీ, రాని హిందీ కలిపి అంతా చెప్పేసింది. నేను తలుపు పక్కన నిలబడి వింటున్నాను. అక్క వాళ్ళ మేడమ్ బడిలో పంతులమ్మ. గొంతు పెంచదు. "నా అత్తగారిని నీ చేతుల్లో పెట్టి వెళుతున్నాను. నువ్వు చేసే పని ఇదా?" అని అడిగింది. సైకిలు స్టోరు గదిలోకి పోయింది. తాళం పడింది. నా శుక్రవారాలూ ఆగిపోయాయి.

మమ్మల్ని ఇంటికి పంపలేదంటే దానికి హబూబాయే కారణమని తర్వాత తెలిసింది. నాలుగు రోజులపాటు కొడుకులతో, కోడళ్ళతో మాట్లాడడం మానేసిందట. అన్నం పళ్ళెం ముందు పెడితే, స్టోరు గదివైపు తిరిగి కూర్చునేదట.

నా కట్టు విప్పేదాకా, ఆరు వారాలు, అక్క రోజూ తన పనికంటే ముందు మా ఇంటికొచ్చి వాకిలి కడిగి, బకెట్లు మోసి వెళ్ళేది. వద్దంటే, "గమ్మునుండు" అనేది. అప్పుడు మాత్రం అక్క మొహంలో ఆ వెలుగు లేదు. స్టోరు గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు తల తిప్పుకునేది.

సైకిలుకి తాళం పడిన రెండు నెలలకి హబూబా మనవరాలి పెళ్ళి వచ్చింది. ఆడవాళ్ళ వేడుక అక్క వాళ్ళ హోష్‌లోనే. మగవాళ్ళందరూ వేరే చోట. సాయంత్రం అస్ర్ నమాజు అయినప్పటి నుంచీ ఆడవాళ్ళు రావడం మొదలైంది. నేల నిండా తివాచీలు. ఒక పక్క డప్పుల వాళ్ళు. రంగురంగుల బట్టలు, అత్తరు, సాంబ్రాణి పొగ. అరవై మందికి తక్కువుండరు. నేనూ అక్కా హల్వా, కహ్వా కాఫీ అందిస్తూ తిరుగుతున్నాం.

డప్పులు కాస్త ఆగాయి. హబూబా కర్ర పైకెత్తి ఏదో గట్టిగా అంది. ఆడవాళ్ళంతా తలలు తిప్పి అక్కని చూశారు. ముసలమ్మ సైకిలు తెమ్మంటోంది! అప్పటికే పక్కన కూర్చున్న చుట్టాలందరికీ కథంతా చెప్పేసింది. వాళ్ళూ గోల మొదలుపెట్టారు. పెళ్ళికూతురు లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది.

అక్క వాళ్ళ మేడమ్ మొహం ఎర్రబడింది. అక్క చేతిలోని పళ్ళెం నాకిచ్చి, నేరుగా మేడమ్ ముందుకెళ్ళి నిలబడింది. "నువ్వు చెప్తేనే ఎక్కుతా మేడమ్. లేదంటే లేదు" అంది అరబ్బీలో.

మేడమ్ ఆమెను ఎగాదిగా చూసింది. "పడవు కదా?" అని అడిగింది.

"పడొచ్చు" అంది అక్క.

ఆ మాటకి మేడమ్ నవ్వేసింది. నవ్వుతూనే చేతిసంచీలోంచి తాళంచెవి తీసి ఇచ్చింది.

తివాచీలు పక్కకి చుట్టారు. అక్క టైర్లలో గాలి కొట్టి, ట్రాక్ ప్యాంటు వేసుకుని వచ్చింది. రెండు చుట్లు తిరిగింది. నడుము వంచి తొక్కింది. చక్రం జానెడు లేచి ధబ్బుమని పడింది. ఎవరో కిసుక్కుమన్నారు. మళ్ళీ తొక్కింది. ఈసారి లేవనే లేదు. రెండు నెలలు సైకిలు ముట్టుకోని మనిషి. డప్పు వాయించే ఆవిడ కూడా చెయ్యి ఆపేసింది. మేడమ్ తల దించుకుంది. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

అక్క నా దగ్గరికొచ్చి సైకిలు ఆపింది. ఊపిరి ఎగపోస్తోంది. "మే, ఎక్కు ఎనక" అంది.

"నేనా? చెయ్యి ఇప్పుడే కదా అతుక్కుంది..."

"ఎక్కమంటి. నాకు చేతులు వణుకుతాండాయి. ఎనక నువ్వుంటే పడకూడదని ఉంటాది నాకు."

క్యారియర్ ఎక్కాను. భుజాలు పట్టుకుని నిలబడ్డాను. అక్క ఒళ్ళు నిజంగానే వణుకుతోంది. ఒక చుట్టు తిరిగాం. రెండో చుట్టుకి వణుకు తగ్గింది. మూడో చుట్టులో అక్క అంది, "వదులు." వదిలాను. రెండు చేతులూ చాచాను. కింద అక్క కూడా హ్యాండిల్ వదిలేసి చేతులు చాచింది! రెండు జతల చేతులు, ఒక్క సైకిలు. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ ఒక్కసారి కూతలు పెట్టారు చూడండి, ఆ హోరుకి పక్కింటి గోడ మీది పావురాలు లేచిపోయాయి.

"దూకు!" అంది. దూకాను. అదే ఊపులో నడుము వెనక్కి వేసి తొక్కింది.

లేచింది. ముందు చక్రం ఆవిడ తలకంటే ఎత్తుకి లేచింది. వరండా ముందు నుంచి, డప్పుల ముందు నుంచి, నోరు తెరుచుకున్న పెళ్ళికూతురి ముందు నుంచి, వెనక చక్రం మీదే, ఒక పూర్తి చుట్టు! నేను లెక్క మర్చిపోయి తెలుగులో ఏవేవో అరుస్తున్నాను. ఆ చుట్టు అయ్యాక హబూబా ముందుకొచ్చి, బ్రేకు మీద వేలు నొక్కి, చక్రాన్ని ఎంత మెత్తగా దించిందంటే చప్పుడే కాలేదు. ముసలమ్మ లేచి అక్క రెండు బుగ్గలూ పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. అప్పుడు ఏడ్చింది అక్క. నాలుగు వందల మైళ్ళు తొక్కి వచ్చినట్టు వగరుస్తూ, నవ్వుతూ, ఏడ్చింది.

"మా నాయన చూసింటేనా!" అంది నాతో.

ఆ తర్వాత స్టోరు గదికి తాళం పడలేదు. పెళ్ళయిన రెండు వారాలకి ఒక మధ్యాహ్నం అక్క నన్ను గోడ మీంచి పిలిచి, నోటి మీద వేలు పెట్టి చూడమంది. గేటు గడియ వేసి ఉంది. మేడమ్ సైకిలు ఎక్కి ఉంది! బడిలో పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే మనిషి, చెప్పులు విడిచి, వంకర టింకరగా పోతోంది. అక్క సీటు పట్టుకుని వెనకాల పరుగు. "గొంతు పిసకొద్దు మేడమ్!" అని తెలుగులోనే అరుస్తోంది. మేడమ్‌కి అర్థమైందో ఏమో, వేళ్ళు వదులు చేసింది. ఆమె కూతుళ్ళు, పక్క వీధి ఆడపిల్లలు, ఒకరొకరుగా ఆ వాకిట్లో నేర్చుకున్నవాళ్ళు పదిమందైనా ఉంటారు. నేను అయిదు తొక్కులు దాటి పన్నెండుదాకా వెళ్ళాను. అంతకు మించి నాకు రాలేదు. అక్క ఏమీ అనేది కాదు. "నీ గుర్రం నీది" అనేది.

నా ఒప్పందం రెండు వేల తొమ్మిది చివర్లో అయిపోయింది. విమానాశ్రయానికి అక్క వాళ్ళ మేడమే కారులో తీసుకెళతానంది. గేటు దగ్గర అక్క నాకు కారప్పొడి పొట్లం, మా పాపకి ఒక గౌను ఇచ్చింది. ఏడవాలని నేను సిద్ధంగా ఉన్నాను. "పో, పో. ఇమానం నీకోసరం నిలబడదు" అని నన్ను కారులోకి తోసేసింది. వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. నాకు చాలా కష్టమనిపించింది.

కారు వీధి చివరకొచ్చి నెమ్మదించింది. మేడమ్ అద్దంలోకి చూసి, "చూడు, చూడు!" అని నా మోచేయి పట్టి ఊపింది.

అక్క వస్తోంది. వీధిలో! మాలాంటి ఆడవాళ్ళు చెత్తబుట్ట బయట పెట్టడానికి తప్ప అడుగుపెట్టని ఆ వీధిలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, కిరాణా కొట్టు ముందు మనుషులు టీ గ్లాసులు పట్టుకుని లేచి నిలబడుతుంటే, నైటీ గాలికి ఉబ్బి, దూసుకొస్తోంది. నేను కిటికీలోంచి నడుందాకా బయటికి వంగాను. కారు పక్కకి వచ్చేసరికి నన్ను చూసి కన్ను కొట్టింది. నడుము వెనక్కి వేసింది. చక్రం లేచింది. ఒక చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి తల మీది స్కార్ఫు లాగి ఊపడం మొదలుపెట్టింది. మేడమ్ ఆపకుండా హారన్ కొడుతోంది. మేం పెద్దరోడ్డు ఎక్కి మలుపు తిరుగుతున్నా అక్క ఇంకా దించలేదు. ఎండలో తెల్లటి రోడ్డు, ఆ పచ్చ స్కార్ఫు, గాల్లో తనకు తానే తిరుగుతున్న ముందు చక్రం.